నిద్రబిళ్ళ, మతిమరుపు: పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కేసు

రోగి వయసు 68. బరువు 46 కిలోలు. అయిదో తరగతి దాకా చదువుకున్నారు. పొదిలికీ కనిగిరికీ మధ్య ఒక పల్లె, పొగాకు పండించే కుటుంబం. భర్త పోయి అయిదేళ్ళయింది, కొడుకూ కోడలి దగ్గర ఉంటారు. షుగర్ తొమ్మిదేళ్ళుగా, బీపీ ఆరేళ్ళుగా ఉన్నాయి. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. మందుల పేర్లూ మోతాదులూ మార్చలేదు.

ఒంగోలులో ఓపీకి తీసుకొచ్చినప్పుడు కొడుకు చెప్పింది ఇది. ఏడాదిగా మతిమరుపు, ఈ మూడు వారాల్లో మరీ ఎక్కువైంది. అడిగిందే అడుగుతున్నారు. పాలవాడికి ఒకే నెల డబ్బు రెండుసార్లు ఇచ్చారు. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి పోయి మరిచిపోయారు. హైదరాబాదులో ఉన్న కూతురు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి అరగంట మాట్లాడితే, తెల్లారాక "నా బిడ్డ ఫోనే చెయ్యలేదు" అని అలుగుతున్నారు. ఒక రాత్రి లేచి వంటింట్లో నిలబడి పెరుగన్నం తిన్నారు, పొద్దున ఎంగిలి గిన్నె చూసి "ఎవురు తిన్నారమ్మాయ్?" అని కోడల్నే అడిగారు. పదిహేను రోజుల కిందట బాత్‌రూము గడప దగ్గర పడ్డారు, తుంటి మీద కమిలింది. "అల్జీమర్స్ అంటున్నారు సార్, దానికి మందు మొదలుపెట్టండి" అన్నాడు కొడుకు.

నిద్రబిళ్ళ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. మామూలుగా ఎవరూ చెప్పరు. ఏమేం మందులు వాడుతున్నారంటే షుగర్, బీపీ అంటారు. నిద్రబిళ్ళ వాళ్ళ లెక్కలో మందు కాదు, పడుకునే ముందు తాగే మజ్జిగ లాంటిది. అందుకని పెద్దవయసు వాళ్ళు మతిమరుపుతో వస్తే విడిగా అడగాలి: నిద్రకు ఏమన్నా వేసుకుంటారా, ఎన్నేళ్ళుగా, మొదట ఎవరిచ్చారు, ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు. ఈ నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. ఇవి అడగకుండా స్కానింగ్‌కు పంపడం పొరపాటు.

సంచి బోర్లిస్తే

రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, ఖాళీ షీట్లూ బిల్లులూ సహా, ఒక సంచిలో వేసుకు రమ్మన్నాం. టేబుల్ మీద బోర్లిస్తే తేలినవి: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలా, బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఒకటి, కాళ్ళ తిమ్మిర్లకు అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాత్రికి, జలుబు చేసినప్పుడల్లా వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన బిళ్ళ, ఇక నిద్రబిళ్ళలు రెండు రకాలు: ఆల్ప్రాజోలామ్ 0.5 మి.గ్రా. రాత్రికి రెండు, జోల్పిడెమ్ 10 మి.గ్రా. రాత్రికి ఒకటి. వీటన్నిటి అడుగున, నడుము దగ్గర తామరకని మూడు వారాల కిందట మొదలైన ఇట్రాకోనజోల్ 100 మి.గ్రా. రెండు పూటలా.

ఆల్ప్రాజోలామ్ మొదట భర్త పోయిన నెలలో రాసిచ్చింది. 0.25 మి.గ్రా., రాత్రికి ఒకటి, పదిహేను రోజులకు. చీటీ పదిహేను రోజులదే, షీటు మాత్రం అయిదేళ్ళు నడిచింది. ఖాళీ షీటు చూపిస్తే మెడికల్ షాపులో ఇంకొకటి ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 0.25 చాలక 0.5, ఆ తర్వాత రెండు. అయినా తెల్లవారుజామున మెలకువ వస్తోందంటే ఏడు నెలల కిందట ఇంకో చోట జోల్పిడెమ్ కలిపారు, పాతది ఆపమని చెప్పకుండా.

ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, నైట్రాజెపామ్, జోల్పిడెమ్ వంటివి 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో, అంటే గట్టి నిబంధనలతో అమ్మాల్సిన మందుల ప్రభుత్వ జాబితాలో, ఉన్నాయి. చీటీ ఉంటేనే అమ్మాలి. రాసిన డాక్టరు, వాడే రోగి, ఇచ్చిన బిళ్ళల లెక్క వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఖాళీ షీటు చీటీ కాదు. ఆ రిజిస్టర్ సరిగ్గా రాసి ఉంటే ఈ కేసు రెండో నెలలోనే ఆగిపోయేది.

బిల్లుల మీద తేదీలు చూడటం దండగ పని అనిపించవచ్చు గానీ, ఈ కేసులో అసలు తీగ అక్కడే దొరికింది. రాత్రికి రెండు చొప్పున 30 బిళ్ళలు 15 రోజులు రావాలి. బిల్లుల మధ్య ఎడం 11 లేదా 12 రోజులే ఉంది. అంటే సగటున రాత్రికి 2.6 బిళ్ళలు, అయిదు రాత్రుల్లో మూడు రాత్రులు మూడో బిళ్ళ పడుతోంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. రెండు వేసుకున్న సంగతి అరగంటకు గుర్తుండటం లేదు, మళ్ళీ వేసుకుంటున్నారు. మరుపు తెచ్చే బిళ్ళ మరుపు వల్లే ఎక్కువ పడుతోంది. పెద్దవాళ్ళు షీటు తలగడ కింద పెట్టుకునే ప్రతి ఇంట్లోనూ ఇది జరగొచ్చు.

ఇట్రాకోనజోల్ మరో ముడి. ఆల్ప్రాజోలామ్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును, సీవైపీ3ఎ4ను, అది అడ్డుకుంటుంది. ఆల్ప్రాజోలామ్ రక్తంలో సగానికి తగ్గే సమయం అప్పుడు రెండు రెట్లకు మించి పెరుగుతుంది. ఈ రెండూ కలిపి వాడకూడదని మందు వివరపత్రంలోనే ఉంటుంది. తామర మందు రాసిన చోట నిద్రబిళ్ళ సంగతి అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. మూడు వారాలుగా మరీ ఎక్కువైందన్న కొడుకు మాటకూ, బాత్‌రూములో పడటానికీ లెక్క ఇక్కడ సరిపోయింది. క్లారిత్రోమైసిన్, కీటోకోనజోల్, బీపీకి వాడే డిల్టియాజెమ్ కూడా ఇదే దారిలో పనిచేస్తాయి.

కోడలి నోటుబుక్కు

"బిళ్ళేసుకుంటే తెల్లారిందాకా మెలకువే రాదు నాయనా" అన్నారు పెద్దావిడ, నమ్మకంగా. కోడలు అదే హాల్లో పడుకుంటుంది. రెండు వారాలు నోటుబుక్కులో నాలుగే నాలుగు సంగతులు రాయమన్నాం: మంచం ఎక్కిన టైము, కునుకు పట్టిన టైము, రాత్రి లేచినవి, పొద్దున లేచిన టైము. బిళ్ళల మోతాదు అప్పుడేమీ మార్చలేదు. ఆరో రోజు పేజీ ఇలా ఉంది:

"8.00 పడుకుంది. 8.30 నిద్ర. 11.20 లేచింది, బాత్‌రూము. 1.10 లేచింది, మజ్జిగ అడిగింది, ఇచ్చాను, తాగింది. 3.00 నుంచి 4.15 దాకా కూర్చునే ఉంది, మామ గురించి చెప్పింది. 5.30 లేచింది. రాత్రి బాగా పట్టిందమ్మాయ్ అంది."

నిద్రబిళ్ళ చేసే పనిలో ఒక పెద్ద భాగం ఆ చివరి వాక్యంలో ఉంది. మెలకువ రాకపోవడం వేరు, వచ్చిన మెలకువ గుర్తులేకపోవడం వేరు. బిళ్ళ నిద్రను కొంత పెంచుతుంది, నిజమే. జోల్పిడెమ్ జాతి మందుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు అందిన పరీక్షలన్నీ కలిపి 2012లో లెక్క కడితే, ఉత్తుత్తి బిళ్ళతో పోలిస్తే నిద్ర పట్టడం సగటున 22 నిమిషాలు ముందుకు వచ్చింది. అరవై దాటిన వాళ్ళ మీద 2005లో వచ్చిన విశ్లేషణలో మొత్తం నిద్ర పెరిగింది 25 నిమిషాలే. ఆ 25 నిమిషాలకు "తెల్లారిందాకా మెలకువే రాదు" అన్నంత తేడా రాదు. మిగతాది రాత్రి మెలకువలను మరిచిపోవడం వల్ల వచ్చే తృప్తి. ఆ తృప్తిని తప్పుపట్టలేం. కష్టమైన రాత్రి గుర్తులేకపోతే ఎవరికైనా హాయే. కానీ ఒంటిగంటకు తాగిన మజ్జిగను మరిపించేదీ, తొమ్మిదింటికి కూతురితో మాట్లాడిన ఫోన్‌ను మరిపించేదీ ఒక్కటే. ఒకటి కావాలి, ఇంకొకటి వద్దు అంటే కుదరదు.

బిళ్ళ మెదడులో చేసేది

ఆల్ప్రాజోలామ్ బెంజోడయాజెపిన్ కుటుంబానిది. ఈ కుటుంబంలో మొదటిది 1960లోనే మార్కెట్లోకి వచ్చింది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం తన తలుపు మీద తట్టినప్పుడు క్లోరైడ్ లోపలికి పోతుంది, ఆ నాడీకణం చల్లబడుతుంది. బెంజోడయాజెపిన్ ఆ తలుపు మరిన్ని సార్లు తెరుచుకునేట్టు చేస్తుంది. జోల్పిడెమ్ అదే తలుపును పట్టుకుంటుంది, కాకపోతే ఎక్కువగా ఆల్ఫా-1 రకాన్ని. రెండూ కలిపితే రెండు రకాల మందులు వాడినట్టు కాదు, ఒకే మందు మోతాదు పెంచినట్టు. రెండో చోట జోల్పిడెమ్ కలపడంలో జరిగిన తప్పు ఇదే.

నిద్ర రూపం కూడా మారుతుంది. బెంజోడయాజెపిన్‌తో రెండో దశ నిద్ర పెరుగుతుంది. ఒళ్ళు తెలియని గాఢ నిద్ర, అంటే మూడో దశ, తగ్గుతుంది. కలలు వచ్చే దశ కూడా కొంత తగ్గుతుంది. జోల్పిడెమ్ గాఢ నిద్రను అంతగా చెడగొట్టదు.

జ్ఞాపకం సంగతి ఆ కుటుంబానికి పొగాకు నారుతో చెప్పాం. పగలు చూసినవీ విన్నవీ ముందు హిప్పోకాంపస్ అనే నారుమడిలో మొలుస్తాయి. రాత్రి నిద్రలో వాటిని పీకి పొలంలో నాటినట్టు మెదడు పైపొరల్లో నాటుతుంది. బిళ్ళ వల్ల గాఢ నిద్ర తగ్గి నాట్లు చెడిపోతున్నాయని చాలామంది రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, ప్రధాన నష్టం అక్కడ కాదు. ప్రయోగాల్లో, బిళ్ళ వేసుకోక ముందు నేర్చుకున్నది చెరిగిపోదు. కొన్నిసార్లు ఇంకా బాగా నిలుస్తుంది కూడా. పోయేది బిళ్ళ వేసుకున్న తర్వాత జరిగినది. నాట్ల దగ్గర కాదు, విత్తనం మొలవడం దగ్గరే దెబ్బ. మందు రక్తంలో ఉన్నంతసేపూ కొత్త విత్తనం మొలవదు. పగటి మతిమరుపుకు కారణం రాత్రి నిద్ర చెడటం కన్నా, పగలు కూడా మందు రక్తంలో మిగిలి ఉండటమే.

ఎంత మిగులుతుందో లెక్క చూద్దాం. ఆల్ప్రాజోలామ్ రక్తంలో సగానికి తగ్గడానికి నడివయసులో సుమారు 11 గంటలు, పెద్దవయసులో సుమారు 16 గంటలు. రాత్రి 9కి 1 మి.గ్రా. వేసుకుంటే పొద్దున 9కి ఆ రాత్రి బిళ్ళలోదే 0.6 మి.గ్రా. ఉంటుంది. ముందు రాత్రుల మిగులు కూడా కలిపితే 0.9 దగ్గరికి పోతుంది. సాయంత్రం నాలుగున్నరకు 0.65. పొద్దున్నే టిఫిన్‌తో పాటు ఒక నిద్రబిళ్ళ మింగి రోజు మొదలుపెట్టినట్టే. ఇట్రాకోనజోల్ పడ్డాక ఈ లెక్క ఇంకా పైకి పోయింది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి

అల్జీమర్స్‌లో తరచూ పొద్దు వాలేకొద్దీ తికమక పెరుగుతుంది. నిద్రబిళ్ళ మతిమరుపు తిరగబడి ఉంటుంది: పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మబ్బుగా, సాయంత్రానికి తేటగా. అందుకే ఎం.ఎం.ఎస్.ఇ. అనే, జ్ఞాపకాన్నీ ఆలోచననూ 30 మార్కులకు కొలిచే పరీక్ష తెలుగులో ఒకే రోజు రెండుసార్లు చేశాం, మాటల పట్టిక మార్చి. పొద్దున 9.30కి 30కి 19. గొడ్డలి, మామిడికాయ, చాప అని మూడు మాటలు చెప్పి అయిదు నిమిషాల తర్వాత అడిగితే "ఏం మాటలు నాయనా?" అన్నారు. మాటలు పోవడమే కాదు, మాటలు చెప్పిన సంగతే పోయింది. సాయంత్రం 4.30కి 23; కొత్త మూడు మాటల్లో రెండు తనే చెప్పారు, మూడోది 'కూర్చునేది' అని సూచన ఇస్తే చెప్పారు. మనవళ్ళు నలుగురి జన్మనక్షత్రాలు రెండు పూటలా తడుముకోకుండా చెప్పారు. పాతవి అల్జీమర్స్ మొదట్లోనూ నిలుస్తాయి కనుక నక్షత్రాలు ఒక్కటే రుజువు కాదు. పొద్దుటికీ సాయంత్రానికీ నాలుగు మార్కుల తేడా మాత్రం పట్టించుకోవాల్సిందే.

మిగతావి వదిలేయలేదు. పడ్డారు కాబట్టి పుర్రె లోపల రక్తం చేరిందేమోనని సీటీ తీయించాం. వయసుకు తగ్గ కుంచింపు తప్ప ఏమీ లేదు. థైరాయిడ్ సరిగానే ఉంది. సోడియం 136, క్రియాటినిన్ 1.0. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.4 శాతం. గురక, నిద్రలో ఊపిరి ఆగడం లేవు. రాత్రిపూట పొగాకు నమిలే అలవాటు లేదు. డిప్రెషన్ ప్రశ్నావళిలో 15కి 4. తేలిన లోపం బి12: 172 పికోగ్రాములు, తక్కువ. తొమ్మిదేళ్ళ మెట్‌ఫార్మిన్‌తో ఇది తరచూ కనబడుతుంది. మతిమరుపుకూ కాళ్ళ తిమ్మిర్లకూ అదీ కారణమే కావచ్చు కనుక ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు మొదటి వారం రోజు విడిచి రోజు, తర్వాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపై నెలకొకటి ఇచ్చాం. కాబట్టి తర్వాత వచ్చిన మెరుగంతా బిళ్ళ మానడం వల్లే అనడం నిజాయితీ కాదు. కానీ బి12 లోపం పొద్దునకూ సాయంత్రానికీ మధ్య మారదు.

అల్జీమర్స్ మందు మొదలుపెట్టలేదు. నిద్రబిళ్ళ రక్తంలో ఉన్నంతకాలం ఆ రోగ నిర్ధారణ చెయ్యకూడదని మా గట్టి అభిప్రాయం. ఏళ్ళ తరబడి నిద్రబిళ్ళ వాడితే అల్జీమర్స్ వస్తుందా అన్న ప్రశ్నకు అధ్యయనాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. నిద్ర చెడటం ఆ జబ్బుకు తొలి లక్షణం కూడా కావచ్చు. అప్పుడు జబ్బే ముందు, బిళ్ళ తర్వాత. ఆ వాదం తేలకపోయినా, 65 దాటిన వాళ్ళకు ఈ మందులు వద్దన్న బీర్స్ జాబితా (పెద్దవయసులో మానుకోవాల్సిన మందుల పట్టిక) మాట పడిపోవడానికీ తుంటి విరగడానికీ కూడా వర్తిస్తుంది.

ఏది ముందు ఆపాలి

కొడుకు మొదటి మాట "రేపట్నుంచే ఆపేస్తాం సార్." వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అయిదేళ్ళు వాడిన ఆల్ప్రాజోలామ్ ఒక్కసారి ఆపితే వణుకు, చెమట, భయం, లేనివి కనబడటం, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ ప్రాణం తీయగలవు. ఎంత కాలం వాడారో, ఎంత మోతాదో చూడకుండా ఎవరూ సొంతంగా ఆపకూడదు.

ఒకసారికి ఒక్క మార్పే. ముందు ఇట్రాకోనజోల్ ఆపి తామరకు పైపూత క్రీము ఇచ్చాం. జలుబు బిళ్ళ ఆ రోజే తీసేశాం. ఇక్కడ తేలిగ్గా తప్పు జరిగే చోటుంది. ఇట్రాకోనజోల్ ఆపగానే రక్తంలో ఆల్ప్రాజోలామ్ తనంతట తాను తగ్గుతుంది. అంటే బిళ్ళ ముట్టకుండానే మోతాదు తగ్గించినట్టు. అప్పుడే బిళ్ళ కూడా తగ్గిస్తే రెండు దెబ్బలు ఒకేసారి. కనుక మొదటి రెండు వారాలు ఆల్ప్రాజోలామ్ 1 మి.గ్రా. దగ్గరే ఉంచాం, ఒక్క షరతుతో: షీటు తలగడ కింద నుంచి కోడలి బీరువాలోకి పోవాలి, కోడలు చేతికిచ్చి మింగించి నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. మూడో బిళ్ళ ఆగింది. రెండు వారాలకే పొద్దుటి మార్కు 19 నుంచి 21కి వచ్చింది.

మూడో వారంలో జోల్పిడెమ్ 10 నుంచి 5. ఆడవాళ్ళలో ఈ మందు నెమ్మదిగా పోతుందని 2013లోనే అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళ మోతాదును 5 మి.గ్రా.కు తగ్గించింది; నిద్రలో నడవడం, వండుకోవడం, తినడం గురించి 2019లో డబ్బా మీద పెద్ద హెచ్చరిక వేయించింది. ఆ రాత్రి పెరుగన్నం ఈ కోవలోదే. రెండు వారాలు 5 మి.గ్రా. నడిపి ఆపేశాం. నాలుగు రాత్రులు నిద్ర బాగా చెడింది. "చూశారా, అది లేకపోతే పట్టదు" అని ఇంట్లో అందరూ అన్నారు. ఈ తిరగబాటు నిద్రలేమి వస్తుందని ముందే చెప్పి, ఎన్నో రాత్రి నుంచి ఎన్నో రాత్రి దాకా ఉండొచ్చో కాగితం మీద రాసిచ్చాం. రాసివ్వకపోతే అయిదో రాత్రి బిళ్ళ మళ్ళీ మొదలయ్యేది. అది పాత జబ్బు బయటపడటం కాదు, బిళ్ళ వదిలేటప్పటి కుదుపు.

ఏడో వారం నుంచి ఆల్ప్రాజోలామ్. 0.25 బిళ్ళలు తెప్పించి, మందుల షాపులో దొరికే బిళ్ళ కోసే పెట్టెతో సగం చేయించాం. సగం అంటే 0.125. బిళ్ళ మీద ఎస్.ఆర్. అని ఉంటే, అంటే మందు నెమ్మదిగా వదిలే రకమైతే, కోయకూడదు, మందు ఒక్కసారిగా బయటికి వస్తుంది. మెట్టు రెండు వారాలది: 0.875, 0.75, 0.625, 0.5. డయాజెపామ్‌లోకి మార్చి తగ్గించే పద్ధతి ఒకటుంది, 0.5 ఆల్ప్రాజోలామ్ సుమారు 10 మి.గ్రా. డయాజెపామ్‌కు సమానమని లెక్క. కానీ డయాజెపామ్, దాని నుంచి పుట్టే పదార్థాలు పెద్దవయసులో రోజుల తరబడి ఒంట్లో పేరుకుంటాయి. ఒకసారి పడిన మనిషికి అది ఇవ్వదలచుకోలేదు.

పదునాలుగో వారంలో అద్దంకి వైపు పెళ్ళికి పోయి బిళ్ళల డబ్బా ఇంట్లో మరిచారు. రెండు రాత్రులు తప్పాయి. రెండో రోజు సాయంత్రానికి చేతులు వణికాయి, జాకెట్టు తడిసేలా చెమట పోసింది, మూల కూర్చుని తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారన్నారు. అప్పుడు ఫోన్‌లో చెప్పింది: 0.5 ఇప్పుడే ఇవ్వండి, పాత 1 మి.గ్రా.కు పోవద్దు, ఫిట్స్ లాంటిది కనబడితే దగ్గర్లోని ఆసుపత్రికి. గంటన్నరకు సర్దుకున్నారు. తర్వాత నాలుగు వారాలు 0.5 దగ్గరే నిలిపాం. వెనక్కి పోకుండా నిలబడటం కూడా తగ్గించడంలో భాగమే, రోగికి ఇది ఓటమిగా చెప్పకూడదు. కోడలు అప్పటి నుంచి మూడు రోజుల బిళ్ళలు పొట్లం కట్టి పర్సులో పెట్టుకుంది.

చివరి మెట్లు చూడటానికి చిన్నవి. 0.875కు దిగడం ఎనిమిదో వంతు తగ్గడమే, 0.25 నుంచి 0.125కు దిగడం సగానికి సగం. అందుకని కిందికి పోయేకొద్దీ కాలం పెంచాలి. 0.375 మూడు వారాలు, 0.25 నాలుగు వారాలు, 0.125 నాలుగు వారాలు, ఆ తర్వాత సున్నా. మొత్తం దాదాపు ఏడు నెలలు. అమిట్రిప్టిలిన్ అన్నిటికన్నా చివర తీశాం. అదీ జ్ఞాపకాన్ని మందగింపజేసే గుణం ఉన్నదే, బి12తో తిమ్మిర్లు తగ్గాక దాని అవసరం లేకపోయింది.

ఎనిమిదింటికి మంచం ఎక్కితే

బిళ్ళ తీసేస్తూ నిద్రకు ఏ దారీ చూపకపోతే మనిషి మళ్ళీ బిళ్ళ దగ్గరికే పోతుంది. నోటుబుక్కు లెక్క చూస్తే ఆమె మంచం మీద ఉండేది రాత్రి 8 నుంచి 5.30 దాకా, తొమ్మిదిన్నర గంటలు. నిజంగా నిద్రపోయేది సగటున ఆరు గంటలు, 63 శాతం. 68 ఏళ్ళకు ఆరు గంటలు తక్కువేమీ కాదు. ఎనిమిదింటికి పడుకున్న మనిషికి మూడింటికి మెలకువ రావడం జబ్బు కాదు, నిద్ర అయిపోవడం. పైగా ఆమె ముప్పై ఏళ్ళు జనవరి నుంచి మార్చి దాకా భర్తతో పాటు పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు మంట చూస్తూ మేలుకున్న మనిషి. "మూడింటికి లేచి కట్టె ఎగదొయ్యాల" అన్నారు ఒకసారి, తనే నవ్వి.

పడుకునే టైము వారానికి అరగంట చొప్పున జరిపాం: 8.30, 9, 9.30, 10. యువకుల్లో చేసినట్టు ఒక్కసారిగా కుదించలేదు, పగటి మత్తుతో పడిపోతారని. ఎనిమిది నుంచి పది దాకా ఏం చెయ్యాలన్నది అసలు సమస్య. మంచం మీద కూర్చుని టీవీ చూస్తే కునుకు పట్టేస్తుంది. అరుగు మీద లైటు కింద కూర్చుని మర్నాటి పూలు కట్టడం, వేరుశనక్కాయలు ఒలవడం పెట్టుకున్నారు. మంచం ఎక్కాక సుమారు ఇరవై నిమిషాలు నిద్ర రాకపోతే లేచి ఆ అరుగు మీదికే. పొద్దున 4.45కి లేవడం, నిద్ర పట్టినా పట్టకపోయినా. అయిదింటికి కళ్ళాపి, తర్వాత ఎండలో ఇరవై నిమిషాలు. పగటి కునుకు రెండింటిలోపు అరగంట. మూడు దాటాక టీ లేదు. ఇందులో టీ మానడమే కష్టమైంది. అయిదో నెలకు మంచం మీద 6 గంటల 45 నిమిషాలు, నిద్ర 5 గంటల 50 నిమిషాలు, 86 శాతం.

బాత్‌రూము దారిలో చిన్న లైటు, గడప తీసేసి వాలుగా సిమెంటు పోయడం కొడుకు చేశాడు.

ఎక్కడిదాకా వచ్చింది

జోల్పిడెమ్ ఆపిన రెండు వారాలకు పొద్దున 22, సాయంత్రం 24. ఆల్ప్రాజోలామ్ పూర్తిగా ఆపిన మూడు నెలలకు రెండు పూటలా 26. పొద్దుటి, సాయంత్రపు మార్కులు కలవడమే ఇందులో ముఖ్యం. గ్యాసు మరిచిపోవడం లేదు. పాలవాడి లెక్క గోడ క్యాలెండరు మీద తనే రాస్తున్నారు. పేర్లు అందుకోవడంలో కొంచెం జాగు ఉంది. ఏళ్ళ తరబడి వాడిన వాళ్ళలో మానేశాక జ్ఞాపకం చాలావరకు మెరుగవుతుంది గానీ కొందరిలో పూర్తిగా రాదు. ఆరు నెలలకోసారి పరీక్ష చేస్తూ ఉండాలని నిర్ణయించాం. రాత్రి మెలకువలు రెండు దాకా ఉన్నాయి, ఇప్పుడు అవి ఆమెకు గుర్తుంటున్నాయి. మొదట్లో దానికే బాధపడ్డారు: "ముందు బాగా పట్టేది, ఇప్పుడు పట్టట్లా." కోడలు పాత నోటుబుక్కులో ఆరో రోజు పేజీ తీసి చదివి వినిపించింది.

ఇంట్లో మిగిలిన రెండు షీట్లు తెచ్చి ఇచ్చేశారు. మెట్‌ఫార్మిన్ సాగుతోంది, బి12 నెలకొకటి. ఊళ్ళో నిద్ర సమస్యకు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చని కొడుకు ఫోన్‌లో నంబరు ఎక్కించాం.

ఒక విజిట్‌లో ఆమె అడిగింది ఒకటుంది. ఏడాది కిందట మనవరాలి నిశ్చితార్థం రాత్రి జరిగింది. ఫోటోల్లో తను అక్షింతలు వేస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ రాత్రి ఎనిమిదింటికే బిళ్ళ వేసుకున్నారని కోడలు చెప్పింది, కార్యక్రమం తొమ్మిదింటికి. "అది ఎప్పుడు గుర్తొస్తది నాయనా?" రాదని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. మొలవని విత్తనాన్ని తర్వాత నాటలేం. ఆశ పెట్టి పంపడం తప్పు. వీడియో ఉంటే ఒక సాయంత్రం కూర్చుని అందరితో చూడమన్నాం.

మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు, శుక్రవారం సాయంత్రం చూశామని, పక్కన చిన్న కోడలు కూర్చుందని, ఎర్రచీర కట్టుకున్న వియ్యపురాలి పేరు అప్పుడు తెలుసుకున్నానని చెప్పారు.